నవలలో వేషము, ధనము, అంతస్తు



మనిషి ఎదురుపడగానే లోకము మొదట వాని బట్టను చూచును. పిదప ఆస్తిని విచారించును. గుణము సంగతి చివరికి మిగులును. మంచి నవల ఈ వరుసను తలక్రిందులు చేయును.

కందుకూరి వీరేశలింగము పంతులుగారి ‘రాజశేఖర చరిత్రము’ (1880) చూడుడు. సంపద ఉన్నన్నాళ్లు రాజశేఖరుని ఇల్లు పొగడువారితో నిండియుండెను. బైరాగి వేషమును నమ్మి, బంగారము చేయించబోయి, ఉన్నది పోగొట్టుకొనిన పిమ్మట పలుకరించువారే కరవైరి. వేషమును, ధనమును పంతులుగారు ఒకే కథలో తూచి చూపిరి.

ఉన్నవ లక్ష్మీనారాయణగారి ‘మాలపల్లి’ (1922) అంతస్తును తూచినది. ఊరు వెలుపల ఉంచిన రామదాసే అందులో నిజమైన పెద్దమనిషి. నాటి ప్రభుత్వము ఆ నవలను నిషేధించినది.

ఇక మన తెలంగాణము. దొర గడి ముందు చెప్పులు చేతబట్టి నడచిన రోజులు పెద్దల నోట విన్నవే. వట్టికోట ఆళ్వారుస్వామిగారు (1915–1961) హోటలులో పనిచేసినవారు; 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, పుస్తకములు తామే మోసి అమ్మినవారు. ఆ చేతులే దొరతనమును నిలదీసిన ‘ప్రజల మనిషి’ని వ్రాసినవి.

రామదాసు కొరకు కన్నీరు పెట్టి, ఇంటికి వచ్చిన కూలివానిని గడప బయటనే నిలబెట్టినచో ఆ చదువు చదువు కాదు. గ్రంథాలయమున అందరికి బల్ల ఒక్కటే. అక్కడ నేర్చిన సమత్వము మన వాకిళ్లకు రావలెను. రజతోత్సవమునకు అదియే తగిన కానుక.