కిక్కు కొట్టే ముందు

(పూర్వ విద్యార్థుల సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)

 

"ఇంజనీరువి కదా, అందరికీ పనికొచ్చేది ఏదైనా నాలుగు ముక్కలు చెప్పు" అన్నారు సంఘం వాళ్ళు. రాకెట్ల సంగతి చెప్పడానికి మనకు దగ్గర్లోనే శ్రీహరికోట ఉంది. నేను మన ఇళ్ళ వరండాల్లో మూలన నిలబడిన మోటారు సైకిలు గురించి చెబుతాను.

చలిదేశాల్లో ఉన్న మనవాళ్ళకు ఈ పని అలవాటే. మంచు పడేముందు బండిని పద్ధతిగా నిద్రపుచ్చుతారు. పెట్రోలు చెడకుండా మందు కలుపుతారు, బ్యాటరీ ఊడదీసి ఇంట్లో పెడతారు. మంచు కరిగాక ఒక్కొక్కటీ చూసుకుని బయటికి తీస్తారు. మనకు మంచు లేదు కాబట్టి ఆ బాధ లేదనుకుంటాం. కానీ చిల్లకూరులోనూ బండ్లు నెలల తరబడి నిద్రపోతున్నాయి. పిల్లలు చెన్నైకో బెంగళూరుకో వెళ్ళిపోతారు. నాన్నకు మోకాళ్ళ నొప్పులు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు, తుపానులు. జనవరిలో సంక్రాంతి. పండక్కి వచ్చిన అబ్బాయి తాళం అందుకుని నాలుగు కిక్కులు కొడతాడు. "స్టార్టయిపోయిందబ్బా!" అని ఇంటిల్లిపాదీ సంబరపడతారు. ఐదు నిమిషాల్లో ఆ బండి 16వ నంబరు జాతీయ రహదారి మీద లారీల మధ్య ఉంటుంది.

స్టార్టయినంత మాత్రాన బండి సిద్ధమైనట్టు కాదు. ఆగుతుందని తేలాకే సిద్ధమైనట్టు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. మా బంధువుల కుర్రాడొకడు అలాగే పండగనాడు బయల్దేరాడు. గేదె అడ్డం వస్తే ముందు బ్రేకు పట్టాడు. కేబులు తెగింది. పైన తొడుగు కొత్తదానిలాగే ఉంది, లోపల తీగ తుప్పుపట్టి ఉంది. కాలర్ ఎముక విరగడంతో పోయింది, అదృష్టం.

ఆ తుప్పు ఎందుకు పట్టిందో మనకు సైన్సు పాఠంలోనే చెప్పారు. మూడు పరీక్షనాళికల్లో ఇనుప మేకులు వేసేవాళ్ళు. ఒకదాంట్లో పొడి గాలి, ఒకదాంట్లో మరిగించి పైన నూనె పోసిన నీళ్ళు, మూడోదాంట్లో మామూలు నీళ్ళు, గాలి. మూడోదాంట్లో మేకుకే తుప్పు పట్టేది. వానకాలంలో మన వరండా ఆ మూడో నాళికే. పైగా సముద్రం దగ్గర కదా, గాలిలో ఉప్పు కూడా ఉంటుంది. ఉప్పు తుప్పును తొందరపెడుతుంది.

అందుకని మనం చేసే వరుసను తిరగేయండి. కిక్కు ఆఖరున.

మొదట సీటు ఎత్తి చూడండి. ఎలుకలు వైర్లు కొరికాయేమో, ఎయిర్ ఫిల్టర్‌లో గూడు పెట్టాయేమో చూడాలి. సైలెన్సర్ గొట్టంలో కందిరీగలు మట్టిగూడు కడతాయి, అక్కడా చూడండి.

తర్వాత బ్రేకులు. సెంటర్ స్టాండు వేసి రెండు చక్రాలూ చేత్తో తిప్పండి. పట్టుకుంటే డ్రమ్ములో తుప్పు ఉన్నట్టు, విప్పి శుభ్రం చేయించాలి. కేబులు లివరు దగ్గర ఒక్క పోగు తెగినా మొత్తం మార్చండి. డిస్కు బ్రేకయితే అందులోని ఆయిలు గాలిలో తేమను పీల్చుకుంటుంది, వేడెక్కితే త్వరగా మరిగి బ్రేకు పట్టు తప్పుతుంది. రెండేళ్ళకోసారి మార్చాలి.

మూడోది టైర్లు. గాలి కొట్టిస్తే చాలదు. పక్కగోడల మీద పగుళ్ళుంటే, పైన గాడులు ఎంత లోతున్నా ఆ టైరు పనికిరాదు. తిరగకపోయినా రబ్బరుకు వయసు మీద పడుతుంది. టైరు మీద నాలుగంకెలుంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం.

నాలుగోది చైను. కిరసనాయిలుతో కడిగి, తుడిచి, ఆయిలు పెట్టండి. లింకులు బిగుసుకుపోతే మార్చాల్సిందే.

ఇక ఇంజను. ఇప్పటి పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. అది తేమను లాక్కుంటుంది. నీరు ఎక్కువైతే ఇథనాలుతో కలిసి ట్యాంకు అడుక్కి దిగుతుంది. కార్బురేటర్‌లో మిగిలిన పెట్రోలు ఆరి జిగురై సన్నటి జెట్ రంధ్రాలను మూసేస్తుంది. పాత పెట్రోలు తీసేసి కొత్తది పోయండి. ఇంజనాయిలు పాలరంగులో ఉంటే నీరు చేరినట్టే. ఎలాగూ మార్చడం మేలు. ప్లగ్గు విప్పి ఆ రంధ్రంలో నాలుగు చుక్కల ఆయిలు వేసి, ఇగ్నిషన్ ఆపి ఉంచి, మెల్లగా రెండుమూడుసార్లు కిక్కు తొక్కితే ఎండిన పిస్టన్ రింగులు తడుస్తాయి. బ్యాటరీ 12 వోల్టుల కంటే తక్కువ చూపిస్తే ఛార్జింగుకు ఇవ్వండి.

అప్పుడు ప్లగ్గు బిగించి, బండిని ఆరుబయటికి తోసి కిక్కు కొట్టండి. మూసిన గదిలో వద్దు, పొగలో కార్బన్ మోనాక్సైడ్ వాసన లేకుండా ప్రాణం తీస్తుంది. వీధిలోనే నెమ్మదిగా నడుపుతూ పదిసార్లు బ్రేకు వేసి చూసుకున్నాకే రోడ్డెక్కండి. ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్ గడువు చూడండి. 15 ఏళ్ళు దాటిన బండికి ఆర్‌సీ రెన్యూవల్ ఉండాలి. హెల్మెట్ సంగతి మాస్టార్ల ముందు నేను మళ్ళీ చెప్పక్కర్లేదు.

పండగయ్యాక వెళ్ళేవాళ్ళకు ఒక మాట. "వారానికోసారి స్టార్ట్ చేసి ఆపెయ్ నాన్నా" అని చెప్పి వెళ్ళకండి. రెండు నిమిషాలు తిరిగిన ఇంజను సరిగా వేడెక్కదు, సైలెన్సర్‌లో నీరు చేరుతుంది, బ్యాటరీ ఇంకా దిగుతుంది. నడిపితే పావుగంట పైనే నడపాలి. లేదంటే బ్యాటరీ నెగటివ్ వైరు విప్పి, కార్బురేటర్‌లో పెట్రోలు ఖాళీ చేసి, సెంటర్ స్టాండు వేసి, గుడ్డ కప్పండి. ప్లాస్టిక్ పట్టా వద్దు, తేమ లోపలే నిలిచిపోతుంది.

చివరగా సంఘానికి ఒక మనవి. మన బ్యాచుల్లో ఇంజనీర్లే కాదు, మంచి మెకానిక్కులూ ఉన్నారు. నేను పుస్తకం చూసి చెప్పేది వాళ్ళు శబ్దం విని చెబుతారు. ఏటా సంక్రాంతికి ముందు ఒక ఆదివారం బడి మైదానంలో వాళ్ళను కూర్చోబెడదాం. కూలి, సామాన్ల ఖర్చు సంఘం పెట్టుకుంటుంది. ఊళ్ళో మూలనపడిన బండ్లన్నీ తోసుకొస్తారు, బ్రేకులు చూసి పంపుదాం. మొదటి ఏడాది ఖర్చులో సగం నాది. మిగతా సగం ఎవరిదో ఈ సభ ముగిసేలోగా చేయెత్తి చెప్పండి.