ఇంటికి వచ్చిన బిడ్డను విచారించకండి

(చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ ప్రాంతాల కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనం కూర్చున్న చోటికి నల్లకుంట ఎంతో దూరం లేదు. 1978 మార్చి నెలాఖరున ఒక రాత్రి సినిమా చూసి తిరిగి వస్తున్న రమీజా బీని అక్కడి పోలీసు స్టేషనుకు తీసుకుపోయి పోలీసులే అత్యాచారం చేశారు. నిలదీసిన ఆమె భర్త, రిక్షా కార్మికుడు అహ్మద్ హుసేన్, వారి దెబ్బలకు మరణించాడు. నగరం భగ్గుమన్నది, కర్ఫ్యూ విధించారు. ప్రభుత్వం నియమించిన జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులదే నేరమని తేల్చింది. అయితే విచారణ రాయచూరు కోర్టుకు బదిలీ అయ్యింది. 1981లో నిందితులందరూ నిర్దోషులుగా బయటికి వచ్చారు.

కమిషన్ ఎదుట పోలీసుల పక్షం వాదించినది ప్రధానంగా ఆమె శీలం గురించి. బాధితురాలి నడవడిని తవ్వి ఆమె సాక్ష్యాన్ని కొట్టివేసే వెసులుబాటు సాక్ష్య చట్టంలోనే ఉండేది. దానిని చాలా ఏళ్ళ తర్వాత గాని తొలగించలేదు. బాధితురాలి పేరు అచ్చు వేయరాదన్న నిబంధన 1983లో వచ్చింది. అప్పటికే ఆమె పేరు ఒక కేసు పేరుగా మారిపోయింది.

నేను ఉద్యోగ జీవితమంతా ఫైళ్ళ మధ్య గడిపినవాడిని. భర్తను పోగొట్టుకున్న ఆ స్త్రీ ఆ తర్వాత ఎట్లా నిద్రపోయింది, ఎవరు అన్నం పెట్టారు అని రాసుకొనేందుకు ఏ ఫైలులోనూ గడి ఉండదు. ఆ భాగం కుటుంబం చేతిలోనిది.

చట్టం నుండి తొలగిన ఆ ప్రశ్నలు మన ఇండ్లలో ఇంకా మిగిలి ఉన్నాయి. భర్త దెబ్బలు తాళలేక బిడ్డ పుట్టింటికి వస్తుంది. పరామర్శకు వచ్చిన ఖాలా మొదట అడిగేది, “నువ్వేమన్నావమ్మా, అతనికి అంత కోపం వచ్చింది?” అని. పరీక్షలకు చదివేందుకు అశోక్‌నగర్ హాస్టల్లో ఉన్న అమ్మాయికి ఆపద వస్తే, “ఆ వేళప్పుడు బయటికెందుకు పోయావు?” అంటారు. పోలీసుల పక్షం అడిగినదానికి దీనికి తేడా ఎంత? ప్రేమతోనే అడుగుతారు, ఒప్పుకుంటాను. వినే బిడ్డకు మాత్రం అది నేరారోపణే.

ఆమె చెప్పినప్పుడు వినండి, చెప్పనప్పుడు తవ్వకండి. వచ్చిన ప్రతి చుట్టానికీ మొదటి నుండి చెప్పించకండి. రాత్రి ఉలిక్కిపడి లేస్తుంది, చిన్న శబ్దానికి వణుకుతుంది, అన్నం పెట్టే తల్లిపైనే విసుక్కుంటుంది. పది రోజులు బాగుండి పదకొండో రోజు మళ్ళీ మంచం దిగదు. అది నటన కాదు, మొండితనమూ కాదు. మానసిక వైద్యుని వద్దకు తీసుకువెళ్ళడానికి సిగ్గుపడవలసిన పని లేదు.

అన్నదమ్ములకు ఒక మాట. “వాడి కాళ్ళు విరగ్గొడతాను” అని మీరు రంకెలు వేస్తే, ఆమె తన బాధ పక్కన పెట్టి మిమ్మల్ని ఆపే పనిలో పడుతుంది. సర్దుకుపొమ్మని పెద్దలు, ఖులా తీసుకొమ్మని స్నేహితులు రెండు వైపులా లాగడం కూడా తగదు. ఇన్నాళ్ళూ ఆమె ఇష్టాన్ని ఒకడు అణచిపెట్టాడు. ఇక నిర్ణయం ఆమెదే కానివ్వండి, ఆలస్యమైనా సరే.

కాగితాల సంగతి, నా పాత అలవాటు కొద్దీ, చెప్పకుండా ఉండలేను. నిఖానామా, ఆధార్, బ్యాంకు పుస్తకం, చదువు ధ్రువపత్రాలు, ఆసుపత్రి చీటీలు ఒక సంచిలో పెట్టి ఆమెకే ఇవ్వండి. 2005 గృహహింస చట్టం కింద రక్షణ ఉత్తర్వు, భర్త ఇంటిలో నివాస హక్కు, భరణం కోరవచ్చు. అర్జీని 60 రోజులలో పరిష్కరించేందుకు మేజిస్ట్రేట్ ప్రయత్నించాలని చట్టమే చెబుతోంది; ఎక్కువే పడుతుందని మనకు తెలుసు, అందుకే మొదటి రోజు నుండే ఓపిక కూడగట్టుకోవాలి. న్యాయసేవాధికార సంస్థ స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తుంది. 181కు ఫోన్ చేయవచ్చు. సఖి కేంద్రంలో తాత్కాలిక వసతి కూడా ఉంటుంది. అత్యాచార బాధితురాలికి ప్రైవేటు ఆసుపత్రి సైతం ఉచితంగా చికిత్స చేయవలసిందే.

ఆ కేంద్రానికో, కోర్టుకో ఆమెను ఒంటరిగా పంపవద్దు. పక్కన ఒక స్త్రీ ఉంటే చాలు. ఆటోలో తిరిగి వచ్చేటప్పుడు ఏమైందని అడగనక్కరలేదు కూడా. అట్లా వెంట వెళ్ళగల సోదరీమణులు, ఏ రోజుల్లో వీలవుతుందో చెప్పి, సభ ముగియగానే తమ పేర్లు నాకు రాయించండి.