‘సంస్కృతి’ మాటున యాజమాన్యం
(మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



చైనాకు ఉద్యోగరీత్యా వెళ్ళే విదేశీ మేనేజర్ల కోసం రాసిన పుస్తకాలు కొన్ని చదివాను. పాఠం దాదాపు ఒకటే. చైనావాళ్ళకు పెద్దలంటే గౌరవం, నలుగురిలో పరువు తీయకూడదు, ‘గ్వాన్‌షీ’ అంటే పరిచయాలు లేనిదే పని జరగదు. ఇవన్నీ అబద్ధాలని నేననను. కానీ ఆ పుస్తకాల్లో అసెంబ్లీ లైనులో కూర్చున్న ఆడపిల్ల కనపడదు.

ఆమెను చూపించిన పుస్తకం ఒకటుంది. సామాజిక శాస్త్రవేత్త చింగ్ క్వాన్ లీ 1998లో ప్రచురించారు. ఒక హాంకాంగ్ ఎలక్ట్రానిక్స్ కంపెనీకి హాంకాంగ్‌లో ఒక ఫ్యాక్టరీ, సరిహద్దుకు అవతల షెన్‌జెన్‌లో మరొకటి. పైనున్న మేనేజర్లు వాళ్ళే, తయారయ్యే సరుకూ అదే. లీ రెండుచోట్లా లైనులో కూర్చుని పనిచేశారు.

షెన్‌జెన్‌లో పనివాళ్ళు పల్లెల నుంచి వచ్చిన పెళ్ళికాని ఆడపిల్లలు. ఆలస్యమైతే జరిమానా. సీటు వదిలి లేవాలంటే అనుమతి చీటీ. పని ఇప్పించిన సొంత ఊరివాళ్ళే మీద కాపలా. హాంకాంగ్‌లో పనివాళ్ళు నడివయసు తల్లులు. ఇంట్లో అవసరమొస్తే సెలవు దొరికేది, కాపలా తక్కువ. అయితే వాళ్ళను ఆ చిన్న జీతానికి కట్టిపడేసింది ఆ ఇంటి చాకిరీయే.

ఒకే మేనేజర్లు, రెండు పద్ధతులు. మరి ‘సంస్కృతి’ ఏమైనట్టు? తేడా అంతా ఆ స్త్రీలు బతకడానికి ఎవరిమీద ఆధారపడవలసి వచ్చిందన్న దానిలోనే ఉంది. చైనాలో 1958లో చట్టమైన ‘హుకౌ’ నమోదు పల్లె మనిషిని పట్నంలో తాత్కాలిక నివాసిగా మార్చింది. ఆ రోజుల్లో ఉద్యోగం పోతే పట్నంలో నిలవడమే కష్టం. అలాంటి అమ్మాయి మౌనాన్ని మేనేజరు ‘పెద్దల పట్ల గౌరవం’ అని రాసుకుంటాడు.

1993 నవంబరు 19న షెన్‌జెన్‌లో హాంకాంగ్ పెట్టుబడితో నడిచే బొమ్మల ఫ్యాక్టరీ తగలబడింది. తలుపులకు తాళాలు, కిటికీలకు ఊచలు. 87 మంది చనిపోయారు, దాదాపు అందరూ యువతులే. ఆ తాళాలు ఏ సంస్కృతి వేసింది?

పైమెట్టు మీదా ఇదే సాకు. 1980లలో నాన్సీ ఆడ్లర్ పరిశీలించినప్పుడు ఉత్తర అమెరికా కంపెనీలు విదేశాలకు పంపిన మేనేజర్లలో స్త్రీలు 3 శాతమే. ఆసియావాళ్ళు ఆడవాళ్ళ మాట వినరని కంపెనీలు అన్నాయి. వెళ్ళిన స్త్రీలు మాత్రం అక్కడ తమను ముందు విదేశీయులుగానే చూశారని, అసలు అడ్డంకి సొంత కంపెనీయేనని చెప్పారు.

మన శ్రీసిటీలో 2015లో సెల్‌ఫోన్ల ఫ్యాక్టరీ మొదలైంది. తైవాన్ పెట్టుబడి. చేరినవాళ్ళలో ఎక్కువమంది ఊళ్ళ నుంచి వచ్చిన ఆడపిల్లలే. ‘మన పిల్లలు అణకువ గలవాళ్ళు’ అని ఎవరైనా మెచ్చుకుంటే మనం సంతోషపడవద్దు. హాస్టలు గేటు తాళం ఎవరి దగ్గరుంది, పని మానేస్తే ఆమె ఎక్కడికి వెళ్తుంది, యూనియన్ పెట్టుకోవచ్చా అని అడుగుదాం. అణకువ సంగతి తర్వాత మాట్లాడుకోవచ్చు.