అమ్మాయి అడిగిన ప్రశ్నలు



కమ్యూనికేషన్ అంటే నాకు తెలిసింది యాంటెనాలూ, సిగ్నళ్లే. మా అమ్మాయి ఇంటర్ అవగానే పత్రిక, రేడియో చదువు చదువుతానంటే ఒప్పుకోలేదు. నా పట్టు మీద బీటెక్ చేసింది. నాలుగేళ్ల తర్వాత ఆ పట్టా నా చేతిలో పెట్టి, "నాన్నా, ఇక కమ్యూనికేషన్‌లో ఎంఏ చేస్తాను" అంది. ఆ నాలుగేళ్లూ నా ఖాతాలోవే.

ఈసారైనా సాయపడదామని ర్యాంకుల పట్టిక ముందేసుకున్నాను. తను దాన్ని చూడనే లేదు. కెమెరా విద్యార్థి చేతికి ఎప్పుడిస్తారు? పాఠం చెప్పేవాళ్లలో వార్త రాసినవాళ్లు ఎందరు? పాత విద్యార్థులు ఇప్పుడేం చేస్తున్నారు? ఇవీ తన ప్రశ్నలు. నేను కంపెనీలో యంత్రం కొనేముందు కూడా ఇన్ని అడగను!

ఉస్మానియాలో జర్నలిజం 1954 నుంచీ ఉంది. ఢిల్లీ ఐఐఎంసీ 1965లో మొదలైంది, జామియాలోని మాస్ కమ్యూనికేషన్ కేంద్రం 1982లో. సినిమా, డాక్యుమెంటరీ మీద మనసున్నవాళ్లు జామియా వైపు చూస్తారు. మా అమ్మాయి మనసు రేడియో మీద. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి బోల్ హైదరాబాద్ అని సొంత ఎఫ్ఎం ఉంది, 90.4. అది వినగానే తేల్చేసుకుంది.

మన బడిలో ప్రార్థన తర్వాత వార్తలు చదివించేవారు, గుర్తుందా? నా వంతు వస్తే కడుపునొప్పి వచ్చేది. మొన్న గచ్చిబౌలిలో కారు పక్కకు ఆపి, మా అమ్మాయి గొంతు రేడియోలో విన్నాను.