గుట్ట కింద పొలమున్న రైతుకు



హైదరాబాదుకు పడమటనున్న గుట్టలను గురించి ఈ పూట ముచ్చటించుకుందాం. అక్కడ సేద్యమెక్కడిదయ్యా, అన్నీ అద్దాల మేడలే కదా అని మీరనవచ్చు. నిజమే. 1998లో సైబర్ టవర్స్ లేచినప్పటినుంచి మాదాపూరు, గచ్చిబౌలి చేలు మేడలైనవి. కాని ఆ మేడలు నిలిచిన బండే నార్సింగి దాటి మొయినాబాదు దాకా మీ పొలాల కింద కూడా వున్నది. ఇంకా పడమటికి, మూసీ పుట్టిన అనంతగిరి వైపు పోతేనే రాయి మారి ఎర్రజేగురు రాయి కనబడుతుంది.

మనది దక్కను పీఠభూమి. సముద్రమట్టానికి సుమారు 1,780 అడుగుల ఎత్తున వున్నాము. ఈ గ్రానైటు బండల వయస్సు రమారమి 250 కోట్ల ఏండ్లు. హిమాలయాలు వీటి ముందు పసిపిల్లలు. ఎండకు వానకు బండ ఉల్లిపొరలవలె ఊడి, గుండ్రాయిగా మిగులుతుంది. ఊడిన పొడే మన నేల. బరువైన ఇసుక, గరుసు గుట్ట మొదట్లోనే ఆగి దుబ్బ, చెల్క అవుతాయి. సన్నని ఒండ్రు మాత్రం వాననీటితో కొట్టుకొని పోయి కుంటలో చేరుతుంది. అందుకే ఒకే రైతుకు గుట్టకింద చెల్క, కట్టకింద మంచి మడి వుంటాయి. 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు చెరువు పూడిక బండ్లమీద చెల్కలకు తోలుకున్నవారు చేసిన పని ఇదే: తమ గుట్ట తమకు బాకీ పడిన మట్టిని తిరిగి తెచ్చుకొన్నారు.

ఇక నీటి సంగతి. "గుట్ట పక్కనే వుంది గదా సారూ, నా బోరెందుకు ఎండె?" అని చాలమంది అడుగుతారు. గట్టి గ్రానైటు లోపల నీరు నిలువదు. పైనున్న మొరంలోను, కింద బండ పగుళ్లలోను మాత్రమే వుంటుంది. మొరం పలుచనైతే నిలువ తక్కువ. పగులు తగలకపోతే ఎంత లోతుకు దించినా దుమ్మే. పక్కవాడికి నీళ్లు పడ్డవని మనకూ పడునను నమ్మకం లేదు.

మన వాన ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్లు, ఎక్కువ భాగం జూన్ మొదలు సెప్టెంబరు లోపలే. ఒక ఎకరం బోడిబండ మీద అంగుళం వాన పడితే లక్ష లీటర్ల నీరు దిగుతుంది. పెద్దలు ఆ దారిన కుంట వెనుక కుంట కట్టి, ఒకదాని అలుగు మరొకదానిలో పడేటట్లు చేశారు. గుట్టల నడుమనున్న దుర్గం చెరువు ఒకప్పుడు గోల్కొండ కోటకు తాగునీరిచ్చింది. అలుగు వాగు మూసి ఇండ్లు కడితే నీరు దారి మరచిపోదు. 2020 అక్టోబరులో నగరంలో కాలనీలు మునిగింది చూచినాము. మీ ఊరి వాగును ప్లాట్లుగా గీస్తూ వుంటే, అమ్మకముందే పంచాయతీలో అడగండి. పైవాడి ప్లాటుతో కిందివాడి బావి పోతుంది.

చలి గురించి కూడ కొంత తెలుసుకోవాలి. ఎత్తుకు పోయినకొద్దీ చల్లబడునని మనకు తెలుసు. వంద మీటర్లకు అర డిగ్రీకి పైచిలుకు తగ్గుతుంది. లంబసింగి చలికి అదొక కారణం. అయితే మన గుట్టల దగ్గర రాత్రిపూట సంగతి తలకిందులు. డిసెంబరు, జనవరిలో మబ్బులేని, గాలిలేని రాత్రి బండ, నేల వేడిని వదలుతాయి. చల్లగాలి బరువైనది గనుక నీరువలె వాలున జారి పల్లంలో గూడుకట్టుకుంటుంది. మేడల మధ్య వెచ్చగా వున్న రాత్రే గచ్చిబౌలి విశ్వవిద్యాలయం ఆవరణలోను, పటాన్‌చెరులోను వణికించే చలి నమోదగుటకు ఆరుబయలే ముఖ్య కారణం.

రాత్రి వేడి 13 డిగ్రీలకు దిగువకు పోతే టమాటా పూత సరిగా పిందె కట్టదు. కాబట్టి చలికాలపు టమాటా నారును కట్టకింది పల్లంలో పోయకండి, వాలు నడుమ పోయండి. పల్లంలోనే వేసివుంటే చలి ముదిరే రోజున పగలే పలుచగా తడి ఇవ్వండి. తడినేల పగటివేడిని ఎక్కువ దాచుకొని రాత్రి మెల్లగా విడుస్తుంది. నారుమళ్లపై పొద్దుగూకకముందే గడ్డి కప్పి, ఎండ పొడవగానే తీసివేయండి.