కొత్త పాట - కర్త పేరు

సంక్రాంతి మొదలు ఉగాది వరకు ప్రతి ఆదివారము సిద్దిపేట జిల్లాలోని కొమురవెల్లి గుట్ట పసుపు బండారుతో నిండిపోవును. మల్లన్న సన్నిధిలో ఒగ్గు పూజారులు రంగుల పొడులతో పట్నము వేసి స్వామి కథను పాడుదురు. ఒగ్గు అనగా డమరుకము. దానికి డోలును, తాళమును తోడగును. కథకుడు ఎత్తుకొనగా ప్రక్కవారు వంత అందుకొందురు. కథ తాతలనాటిది, కాని దానిని నడుపు మాటలు, విరుపులు, చమత్కారములు ఆనాటి కథకునివి. పాతకథలో సహితము కొత్తదనమునకు ఇంత చోటున్నదని శ్రోతలు గ్రహింపవలెను.

ఈ ప్రాంతమున మరియొక తీరు గాయకుడును కలడు. ఆతడు తనకు తోచిన మాటను తానే కట్టి, తానే వరుస కూర్చి, తన గొంతుతోనే పాడును. సినిమా ఈ మూడు పనులను ముగ్గురికి పంచి ఇచ్చినది. పల్లెపాటలో అవి ఒక్కనియందే నిలిచినవి. ఇందులకు అందెశ్రీగారు నిదర్శనము. ఆయన 1961లో, నేడు ఇదే జిల్లాలోనున్న రేబర్తి గ్రామమున జన్మించిరి. బడిచదువు లేదు. పశువులను కాచిరి, తాపీపని చేసిరి. ఆయన రచించిన ‘జయ జయహే తెలంగాణ’ ఉద్యమకాలమున సభలన్నిట మార్మ్రోగి, 2024లో కీరవాణిగారి సంగీతముతో రాష్ట్రగీతమైనది. 2025 నవంబరు 10న ఆయన కీర్తిశేషులైరి.

నేడు పాట కట్టు యువకుడు ఏ కంపెనీ గడపయు తొక్కనక్కరలేదు. సెల్‌ఫోను ముందు పాడి యూట్యూబులో ఉంచినచో సముద్రముల కావలి తెలుగువారును వినగలరు. ఇది మేలే. అయితే ఇందులో రెండు చిక్కులున్నవి. ఆ యంత్రము నిన్న మనము విన్నదానిని పోలినదానినే నేడును ముందుంచును. అందుచే పాటలు పెరుగుచున్నను మన వినికిడి ఇరుకగుచున్నది. రెండవది ఇంతకంటె బరువైనది. ఒక పాట నలుగురి నోట పడగానే దానికి ‘జానపదము’ అని పేరుపెట్టి, కట్టినవాని పేరు విడిచిపెట్టుచున్నాము. ఊరంతయు తరతరములుగా కూర్చుకొన్న పాట వేరు. నిన్న ఒకడు నిద్ర మాని కట్టిన పాట వేరు. రెండవదానిని మొదటిదానిలో కలిపినచో, ఆతని గౌరవముతోపాటు కూడును పోవును.

చట్టము ఈ భేదమును గుర్తించినది. 1957 నాటి కాపీరైటు చట్టము ప్రకారము సాహిత్యముపైనను, స్వరరచనపైనను గల హక్కు కర్త జీవితకాలమును, మరణానంతరము 60 సంవత్సరములును నిలుచును. సినిమాలో చేరిన పాటకును రచయితకు, స్వరకర్తకు రాయల్టీ భాగము తప్పకుండునట్లు 2012లో సవరణ చేసిరి. కాని కర్త ఎవరో తెలియనప్పుడు ఏ చట్టము ఎవరిని ఆదుకొనగలదు?

కావున మేము మనవి చేయునది స్వల్పము. కొత్త గొంతు వినబడినప్పుడు పాటను సగములో ఆపక తుదివరకు వినుడు. నచ్చినచో కట్టినదెవరో విచారింపుడు. ఆతని రెండవ పాటను వెదకి వినుడు. మొదటిదానిలో అదృష్టమున్నను, రెండవదానిలో శక్తి తెలియును. మరియొకరికి వినిపించునపుడు ముందుగా ఆ పేరు చెప్పుడు. పాటగానికి మనము చెల్లింపదగిన మొదటి వెల అదియే.