సైనికుని దస్తరములో చేరని పతకము
(సంఘ వార్షిక మహాసభలో చేసిన ఉపన్యాసము)



ప్రతి సంవత్సరమును మనము మాజీ సైనికులను ఈ వేదికమీదికి పిలిచి శాలువలు కప్పి గౌరవించుచున్నాము. అది మంచి ఆచారమే. కాని క్రిందటి మహాసభలో ఒక పెద్దమనిషి మన శాలువను కప్పించుకొనుటకు ఒప్పుకొనలేదు. ఆయన చెప్పిన కారణమే నేడు మేము ఈ విషయమును మీ యెదుట పెట్టుటకు హేతువైనది.

ఆయన నూజివీడు ప్రాంతమున కొద్దిపాటి చిన్నరసాల తోట గల వృద్ధుడు. 1971 డిసెంబరులో బంగ్లాదేశ్ విమోచన యుద్ధమున తూర్పు రంగములో పనిచేసినవాడు. మేము ఆహ్వాన పత్రమునందు ఆయన పేరు క్రింద పూర్వీ స్టార్ పొందినవాడని అచ్చువేయించితిమి. దానిని చూచి ఆయన, "బాబూ, నేనక్కడ ఉన్నమాట నిజమే. నా డిశ్చార్జి పుస్తకంలో మాత్రం ఆ పతకం లేదు. కాగితంలో లేని గొప్ప నాకెందుకు?" అనెను. అటువంటి పతకములు బజారులో దొరకును గదా యని ఎవరో అనగా, ఆయన మారుపలుకక లేచి వెళ్లిపోయెను. తప్పు మాదే గనుక, మరునాడు మేము ఆయన యింటికి వెళ్లి ఆ పుస్తకమును చూచితిమి.

అందులో సంగ్రామ్ మెడల్ కలదు. స్వాతంత్ర్య రజతోత్సవ సందర్భమున 1972లో సేవయందున్నవారి కిచ్చిన పతకమును కలదు. పూర్వీ స్టార్ మాత్రమే లేదు. ఏల లేదు? సైనికునికి పతకము లభించినపుడు ఆ సంగతి ముందుగా ఆయన దళమువారు వెలువరించు పార్ట్ టూ ఆర్డరులో పడవలెను. అటనుండి రికార్డు ఆఫీసులోని షీట్ రోలునకును, తుదకు డిశ్చార్జి పుస్తకమునకును ఎక్కవలెను. ఈ మూడు మెట్లలో ఒకటి తప్పినను తరువాతివి లేనట్లే. మన వృద్ధుడు యుద్ధ రంగమునుండి గాయముతో ఆసుపత్రికి చేరెను. కోలుకొన్న పిమ్మట మరియొక దళమునకు మార్చబడెను. మొదటి దళమువారు జాబితా వ్రాయునాటికి ఆయన అక్కడ లేడు. రెండవ దళమువారికి ఆ యుద్ధకాలమున ఆయన తమవాడు కాడు. ఎవరికిని దురుద్దేశము లేదు. అయినను ఒక మనుష్యుని యుద్ధము కాగితములలోనుండి జారిపోయినది.

మేము వ్రాసి పంపించిన మొదటి అర్జీ తిరిగి వచ్చెను. ఆసుపత్రి కాగితములో ఇంటిపేరు ఒక విధముగాను, సేవా పుస్తకములో మరియొక విధముగాను ఉన్నది. మన ఇంటిపేర్లను పొడి అక్షరముగా వ్రాయు అలవాటు ఇట్టి చిక్కులు ఎన్నిటికో మూలము. అదియునుగాక, ఆయన కాగితములన్నిటిలోను కృష్ణా జిల్లా అని యున్నది; 2022 ఏప్రిల్ 4వ తేదీనుండి నూజివీడు ఏలూరు జిల్లాలోనిది. రెండవ అర్జీలో మేము పేరుకంటె ముందు ఆయన సైనిక సంఖ్యను వ్రాసితిమి. పేరు మారినను, జిల్లా మారినను ఆ సంఖ్య మారదు గదా! ఆసుపత్రి కాగితపు నకలును, అదే దళములో పనిచేసిన ఒక సహచరుని ప్రమాణ పత్రమును జతచేసితిమి. ఆ సహచరుడు వణకు చేతితో సంతకము చేసెను. ఇంకొక సంవత్సరము ఆలసించియుండిన ఆ సంతకము మనకు దొరికెడిదో లేదో!

తుదకు జవాబు వచ్చినది. దస్తరము సరిదిద్దబడినది. పతకము ఇంకను చేరలేదు. ఆయన ఆ జాబును రెండుమార్లు చదివించుకొని, "ఇక చాలు, నేనక్కడ ఉన్నానని రాసారు" అనెను.

సోదరులారా! ఈ పతకమువలన నెలకొక రూపాయియు రాదు. శౌర్య పతకములకు భత్యము కలదు గాని యుద్ధ సేవా పతకములకు లేదు. అయినచో ఇంత శ్రమ ఎందుకని కొందరు అడుగవచ్చును. తోటను గుత్త కిచ్చునపుడు కాగితము వ్రాసికొననివాడు మనలో ఎవడు? గట్టుమీది ఒక్క చెట్టుకై పాతికేండ్లు కోర్టుల చుట్టు తిరిగిన కుటుంబములు మనకు తెలియును. చెట్టుకు ఋజువు కావలసినపుడు, ప్రాణమొడ్డిన దినములకు ఋజువు అక్కరలేదా?

తాడేపల్లిగూడెము దగ్గరి మాధవరము, మిలిటరీ మాధవరమని పేరుపొందినది. ఆ యూరినుండి మొదటి ప్రపంచ యుద్ధమునకు 90 మందియు, రెండవ యుద్ధమునకు 1,110 మందియు వెళ్లిరని చెప్పుదురు. అక్కడ సైనికుల జ్ఞాపకమును ఊరే నిలుపుకొన్నది. మన గ్రామములలో ఆ పని ఎవరు చేసిరి?

ప్రభుత్వ దస్తరము శాశ్వతమని నమ్మి ఊరకుండరాదు. అమెరికాలో సెయింట్ లూయీ నగరపు సైనిక దస్తరశాల 1973 జూలై 12వ తేదీన అంటుకొని, కోటి అరువది లక్షలకు పైగా సైనికుల దస్తరములు కాలిపోయినవి. తరువాత ఎందరి సేవయో ఇండ్లలోని పాత కాగితములనుబట్టియే తిరిగి నిరూపింపవలసి వచ్చెను. కావున ట్రంకుపెట్టెలో చెదలు పట్టుచున్న డిశ్చార్జి పుస్తకము నేడే బయటికి రావలెను.

మార్గములు లేకపోలేదు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయము ద్వారా రికార్డు ఆఫీసునకు అర్జీ పంపవచ్చును. 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద తన సేవా పత్రముల నకళ్లను కోరవచ్చును. అవి ఫలింపనియెడల, 2007 నాటి చట్టముచే ఏర్పడిన సాయుధ దళముల ట్రిబ్యునల్ కలదు. అయితే ముందుగా పై అధికారులకు అర్జీ పెట్టియుండవలెను. వారి తుది ఉత్తరువు వచ్చిన ఆరు నెలలలో ట్రిబ్యునలును ఆశ్రయింపవలెను.

మేము ఈ సభను కోరునవి మూడు. శాలువలకై ఖర్చగు ధనములో సగమును, నకళ్లకును ప్రమాణ పత్రములకును ప్రయాణములకును ప్రత్యేకింపవలెను. ప్రతి గ్రామమునుండియు చదువుకొన్న యువకుడొకడు ముందుకు వచ్చి, తన యూరి మాజీ సైనికుల పుస్తకములను, వారు గతించినచో వారి భార్యలయొద్దనున్న కాగితములను, చూచి తప్పులు వ్రాసి తేవలెను. ఈ సహాయమున కులభేదము పాటింపరాదు. కందకములో ఆ వృద్ధుని ప్రక్కన నిలిచినవారిని ఎవరును కులమడుగలేదు.

వచ్చే వేసవి మహాసభనాటికి ఆయన మన వేదిక నెక్కుదునని మాట యిచ్చియున్నాడు. ఆ దినమున ఆయనతోకూడ మరి పదిమంది ఎక్కునట్లు చేయుట మన విధి.